నాలుగువందల పదిహేడో బిళ్ల

ఎత్తిన సుత్తి నెత్తిన పడకుండా చివరి క్షణంలో పక్కకెందుకు తప్పింది? చెయ్యి వణికిందా, మనసు వణికిందా? ఇన్నేళ్లయినా మిషనమ్మకి జవాబు దొరకని ప్రశ్న అది.

బట్టలు కుట్టి బతికే మనిషి కనుక ఆ సుత్తి ఎత్తినామెను అందరూ మిషనమ్మ అనేవారు. బంగారు గనిలో పైకప్పు కూలి తాత పోయాడని వింటూ పెరిగింది. గని మూతపడ్డాక దాని మూతి దగ్గర ఒక రాయి నిలబెట్టి, లోపల పోయినవాళ్ల పేర్లు చెక్కారు. తాత పేరు లేదు. అది చెక్కించాలనే అరవయ్యో యేట ఆ ఊరొచ్చి, చిన్నతాత కొడుకైన బాబాయి ఇంట్లో దిగింది.

గనిలో దిగేవాడి మెడలో నంబరు వేసిన ఇత్తడి బిళ్ల ఉండాలి. వాడు లోపల పోతే, పక్కన పనిచేసేవాడు ఆ బిళ్ల తెచ్చి ఇల్లాలి చేతిలో పెట్టాలి. అది ఆచారం. నాయనమ్మ దాచుకున్న నాలుగువందల పదిహేడో బిళ్లని మిషనమ్మ గనిలో అప్పటి గుమాస్తాకి చూపించింది. తొంభై ఏళ్ల ఆయనకి పళ్లు లేవు గానీ జ్ఞాపకం గట్టిది.

“ఇదెప్పుడు ఇంటికొచ్చిందమ్మా?”

“ఆ సాయంత్రమే. పక్కన పనిచేసే చిన్నతాతే ఏడ్చుకుంటూ తెచ్చాడట.”

ముసలాయన బిళ్లని అరచేతిలో తిప్పి చూశాడు. “శవం దొరికింది మర్నాడు మధ్యాహ్నం. అప్పటిదాకా ఆయన పోయాడని గనిలో ఎవరికీ తెలీదు. శవం మీద రాళ్లు పేర్చి ఉన్నాయి గానీ, తల కడిగింది నేను తల్లీ. రాయి పడితే కుండ పగిలినట్టు పగులుతుంది. అక్కడ ఈ బిళ్లంత గుండ్రటి చిల్లులు. ఒకటి కాదు, మూడు.”

“సుత్తా?”

“వాళ్లకి దొరికిన బొటనవేలంత బంగారం కోసం. చంపినవాడు కూడా ఆచారం తప్పలేదు చూశావా! రాయి చంపినవాళ్ల పేర్లే రాయి మీద రాశాం. మీ తాత పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మీ నాయనమ్మకి చెప్పడానికి నోరూ రాలేదు.”

ఇంటికొచ్చేసరికి బాబాయి పెరట్లో వంగి, మొద్దు చీల్చడానికి ఇనుప చీల నిలబెడుతున్నాడు.

“వచ్చావా అమ్మాయ్! మా పెదనాన్న పేరు ఎక్కిస్తామన్నారా? ఆ సుత్తితో ఒక్కటెయ్యి. మా నాన్న గనిలోంచి తెచ్చింది. మీ పిన్ని నోరు లాగా ఇప్పటికీ అరగలేదు!”

వంటింట్లోంచి పిన్ని అందుకుంది: “అరిగితే మీకు తిండెవరు పెడతారు?”

మిషనమ్మ రెండు చేతులా ఎత్తింది. కింద నెరిసిన తల. సుత్తి దిగింది. చెవిని రాసుకుంటూ పోయి, చీల పట్టుకున్న వేళ్ల మీద పడింది. ఎండుపుల్లలు విరిగిన చప్పుడు. మొద్దంతా నెత్తురు.

“చంపేశావే తల్లీ! చూసి కొట్టొద్దూ!”

పిన్ని పరుగెత్తుకొచ్చింది. మిషనమ్మ సుత్తి పడేసి, కొంగు చించి ఆ చేతికి కట్టు కట్టింది. రాయి చంపని మనిషి పేరు రాయి మీద చెక్కించమని రాసుకొచ్చిన కాగితాన్ని పొయ్యిలో పడేసింది. తర్వాత సంచి భుజాన వేసుకుని, పోయినవాడి ఇల్లాలికిచ్చినట్టు పిన్ని అరచేతిలో ఇత్తడి బిళ్ల పెట్టి, గుమ్మం దిగిపోయింది.