కాలని ఇంట్లో కొత్త వంటిల్లు

ఆ రోజుల్లో మెడకు టై బిగిస్తే చాలు, తెలివి దానంతటదే తలకెక్కుతుందని నాకో గట్టి నమ్మకం. ఇళ్లకు బీమా చేసే ఆఫీసులో కొత్తగా చేరాను. నెలాఖరుకు ఒక్క పాలసీ అయినా తేకపోతే ఇంటికి పంపేస్తామని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు. (ఆయన నవ్వుతూ చెప్పేవన్నీ నిజాలే.) మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు నాకు మేనమామ దొరికాడు. పద్మారావు నగర్‌లో ఆయనకు సొంత ఇల్లుంది.

"ఎంతకు రాద్దాం మామా?" అని అడగ్గానే, ఎవరో బ్రోకరు చెప్పిన ధర మీసం దువ్వుతూ చెప్పాడు. అందులో ముప్పాతిక స్థలానిదే. "జాగ కాలదు గద మామా, గోడలు మళ్ల కట్టనీకి ఎంతయితదో గంతకే బీమా" అన్నాను. మామ ముఖం మాడిపోయింది. "అంటే నా ఇంటికి గంతేనా ఇజ్జత్?" అన్నాడు. అత్తమ్మ గోల వేరు. కాలడం, కూలడం అన్న మాట వినబడినప్పుడల్లా చెంపలు వేసుకుంటోంది. "జెర తక్కువకే రాయి బిడ్డా. ఎక్కువకు రాస్తే పెద్ద మంటను రమ్మని పిలిచినట్టయితది. తక్కువ రాస్తే, వచ్చినా చిన్నగనే వస్తది" అంది. (మా ట్రైనింగులో ఈ పాఠం చెప్పలేదు.)

ఒకరు పైకి, ఒకరు కిందికి లాగుతుంటే మధ్యలో నా ఉద్యోగం ఊగుతోంది. చివరికి అత్తమ్మ వైపు తిరిగి, "మంట సంగతి ఇడిసిపెట్టు. ఈ ఇల్లు మళ్ల కడితే ఎంతయితదో గది చూద్దాం" అన్నాను. అంతే, చెంపల మీది చేతులు కిందికి దిగాయి.

"మళ్ల కడితేనా... వంటింట్ల నుంచి వాకిట్లకు కిటికీ పెట్టాలె" అంది. "గీ చీకట్ల పప్పు ఏరి ఏరి కండ్లు పోయినయి. పొయ్యి గట్టు సుత జెర ఎత్తు లేపాలె, నడుం వంగకుంట." నేను ఉత్సాహంగా క్యాలిక్యులేటర్ నొక్కుతున్నాను. పూజగది వచ్చింది, బాల్కనీ వచ్చింది, ఆఖరికి ఉయ్యాల కూడా వచ్చింది. మామ పరేషానై లోపలికి పరుగెత్తి గ్యాస్ సిలిండర్ బంద్ చేసి వచ్చాడు. "ఏందే, ఇల్లు కాలాలనే చూస్తున్నవా ఏంది?" అన్నాడు.

అప్పుడు నా నిజాయితీ నిద్రలేచింది. "ఉన్న ఇల్లు ఉన్నట్టు కట్టనీకే పైసలిస్తరు అత్తమ్మా. కొత్త కిటికీలకు ఇయ్యరు" అన్నాను. ఆమె ముఖంలో కళ తప్పింది. "మళ్ల గీ చీకటి కొట్టునే కట్టుకునేటందుకు ఏటేటా పైసలు కట్టాల్నా?" అంటూ చాయ్ పెట్టడానికి లేచింది. పట్టపగలు వంటింట్లో లైటు స్విచ్ నొక్కిన చప్పుడు వినబడింది. నాకు పాలసీ పోయిందన్న దిగులు తప్ప ఇంకేమీ తట్టలేదు.

మామకు మాత్రం ఏదో తట్టినట్టుంది. వంటింటి వైపు కాసేపు చూసి, నేను చెప్పిన మొత్తానికే, బేరం ఊసెత్తకుండా సంతకం పెట్టాడు. గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి, "అరేయ్, ఆ గోడకు కిటికీ పెట్టిస్తే ఎంతయితదిరా?" అని అడిగాడు. నేను మహా ఓపిగ్గా, కొత్త కిటికీలకు కంపెనీ ఎందుకివ్వదో ఆయనకు మళ్లీ మొదటినుంచీ చెప్పుకొచ్చాను. మామ అంతా విని, నా వీపు తట్టి, మేస్త్రీకి ఫోన్ చేసుకుంటూ లోపలికి పోయాడు.

ఇప్పటికీ నేను వెళ్తే అత్తమ్మ ఆ కిటికీలోంచే చూసి, "చాయ్ పెట్టాల్నారా?" అని కేకేస్తుంది. గేటు దగ్గర మామకు నిబంధనలు అప్పజెప్పిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, పాపం వాణ్ణి ఏమీ అనబుద్ధి కాక, నాలో నేనే నవ్వుకుంటూ లోపలికి నడుస్తాను.