దుప్పటి కింద ఎడమచెయ్యి

ముందురోజు వాన పడి నేల మెత్తబడింది. పొద్దున మబ్బుగా ఉంది, ఎండ లేదు. ఇంటి వెనక మడిలో గోంగూర నారు నాటుతుంటే పాస్టరుగారు ఫోన్ చేశారు. మా పక్కింటి నర్సమ్మగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పారు. బయటికి తీసిన నారు వాడిపోతుందని ఆ సాలు పూర్తిచేసి, చేతులు కడుక్కుని వాళ్ళింటికి వెళ్ళాను.

మేముండేది అమెరికాలో, క్యారీ అనే ఊరు దాటాక, ఇళ్ళు పలచబడి చిలగడదుంప పొలాలు మొదలయ్యేచోట. ఆవిడది బాపట్ల వైపు. ఇక్కడి హాస్పిటల్లో చాలా ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం తెలుగు చర్చి, మిగతా రోజుల్లో కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా, కమిటీ పని. వృద్ధుల హోమ్‌లు ఎలా నడుస్తున్నాయో చూసి రావడానికి మా కౌంటీకి ఎన్నికైన కమిషనర్లు ఊళ్ళోవాళ్ళనే కొందరిని నియమిస్తారు. జీతం ఉండదు. చెప్పకుండా వెళ్ళి చూడాలి, చూసింది మీటింగ్‌లో చెప్పాలి.

"ఫోన్ చేసి వెళ్తే కాఫీ ఇస్తారయ్యా. మనం వెళ్ళేది కాఫీకా?" అనేవారు.

నేత చీర, దాని మీద కోటు, కాళ్ళకి స్నీకర్స్. ఎండాకాలం కంచె అవతల నిలబడి, "ఏం రైతుగారూ, ఈ ఏడు ఎన్ని ఎకరాలు వేశారు?" అని అడిగేవారు. మా మడి రెండు మంచాలంత ఉంటుంది. ఒక కట్ట ఇస్తే, "ఇంతేనా? కౌంటీకి కంప్లైంట్ రాస్తాను" అని తీసుకునేవారు.

ఆవిడ గురించి రాయడానికి కారణం మా అమ్మ.

అమ్మకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట ముద్దయిపోయింది. లేపి కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. నాకూ మా ఆవిడకీ ఉద్యోగాలు. ఏడాదిపాటు ఇంట్లోనే చూసుకుని, తర్వాత హోమ్‌లో చేర్చాం. ఆదివారం మధ్యాహ్నం అన్నం తీసుకెళ్ళి కలిపి నోట్లో పెడితే తినేది. మిగతా రోజుల్లో తినడంలేదని హోమ్‌వాళ్ళు చెప్పారు. భోజనం నిరాకరిస్తున్నారు అన్నది వాళ్ళ మాట. అమ్మ చిక్కిపోయింది. ఇలాగే ఉంటే పొట్టలోకి గొట్టం వెయ్యాలేమో ఆలోచించుకోండి అన్నాడు డాక్టరు.

కంచె దగ్గర ఈ సంగతి చెప్పాను.

"గొట్టమా? ఆగు. తిననిది ఎప్పుడు?"

"సాయంత్రాలు అసలు ముట్టుకోదట."

"అయితే సాయంత్రమే వెళ్దాం, పద."

అయిదింటికి భోజనాలు. అమ్మ గది తలుపు తీసే ఉంది. అయినా నర్సమ్మగారు తట్టి ఆగారు. ఏ గదికైనా అంతే, లోపలివాళ్ళు పలకలేనివాళ్ళయినా సరే. వెళ్ళగానే చుట్టాలు కూర్చునే కుర్చీ మీద చెయ్యి వేసి చూశారు. దుమ్ముంటే ఆ మనిషి కోసం ఎవరూ రావడంలేదని ఆవిడ లెక్క.

"పర్లేదు, వస్తున్నావు" అన్నారు నాతో.

సాయంత్రం డ్యూటీ ఆయా పళ్ళెం తెచ్చింది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, చురుకైనది. "హనీ, కొంచెం తిందామా?" అంటూ అమ్మ ఎడమచేతికి స్పూన్ అందించింది. అమ్మ మొహం తిప్పుకుని ఆ చెయ్యి దుప్పటి కిందకి లాక్కుంది.

"చూశారా, రోజూ ఇంతే" అంది ఆయా.

నర్సమ్మగారు వంగి, "ఏం అక్కయ్యగారూ, ఆకలి లేదా?" అన్నారు తెలుగులో.

అమ్మ మాట కూడగట్టుకుని చెప్పింది. "ఆ చేత్తోనా... ఎట్లా తింటానమ్మా?"

నర్సమ్మగారు ఆయాకి ఇంగ్లీషులో చెప్పారు. మావాళ్ళు కుడిచేత్తోనే తింటారు, ఎడమచెయ్యి వేరే పనికి.

ఆయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నాకెవరు చెప్పారు?" అంది.

నర్సమ్మగారు ఆమెని కుడిపక్కకి రమ్మన్నారు. స్పూన్ ఆయా కుడిచేతిలో పెట్టించి, చచ్చుబడిన అమ్మ కుడిచేతిని ఎత్తి ఆ చేతిమీద ఆనించారు. రెండు చేతులూ కలిసి పైకి లేచాయి. అమ్మ నోరు తెరిచింది. రెండు ముద్దలయ్యాక, "ఉప్పు లేదు" అంది.

దాంతో అయిపోలేదు. ఆ ఆయా సెలవు పెడితే వేరే మనిషి వచ్చేది, మళ్ళీ పళ్ళెం అలాగే తిరిగి వెళ్ళేది. అందుకని నర్సమ్మగారు కౌంటీ మీటింగ్‌లో ఈ సంగతి ఎత్తారు. నేను వెనక కూర్చున్నాను. తెరమీద మా అమ్మ ఉండే హోమ్ పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు ఉంది. భోజనం వేళకి అందుతోంది అని.

"పళ్ళెం వేళకి వస్తోంది, నిజమే. వచ్చినట్టే వెనక్కి వెళ్ళడం కూడా చూశాను" అన్నారు.

"తినడం, మానడం వాళ్ళ హక్కు కదా మేడమ్?" అన్నాడు కౌంటీ ఆఫీసరు.

"హక్కే. ఆవిడ వద్దన్నది భోజనాన్ని కాదు, ఎడమచేతిని. ఆ సంగతి ఎవరూ అడగలేదు."

అధ్యక్షుడుగా కూర్చున్న కమిషనర్‌కి పందుల ఫారం ఉంది. ఆయన కళ్ళజోడు తీసి, "మా పందులు తొట్టిలో మేత వదిలేస్తే ఎందుకు వదిలాయో తెలిసేదాకా నేను ఇంటికి పోను" అన్నాడు. ఎవరైనా తినకపోతే ఎందుకో అడిగి రాయాలని, తినిపించే పద్ధతి కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించాలని, కమిటీవాళ్ళు భోజనాల వేళకే వెళ్ళి చూడాలని ఆ రోజు ఒప్పుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు కార్ తలుపు గట్టిగా వేశాను.

"మీ అమ్మని పందులతో పోల్చాడని బాధపడుతున్నావా?" అన్నారు నర్సమ్మగారు. "పోనీవయ్యా. ఓటు మనవైపు వేశాడు."

గొట్టం అవసరం రాలేదు. అమ్మ పూర్తిగా కోలుకోలేదు గాని తింటోంది. ఎవరు డ్యూటీలో ఉన్నా కుడిపక్కనే కూర్చుంటున్నారు. నర్సమ్మగారు ఆ తర్వాత కూడా చెప్పకుండానే వెళ్ళేవారు. మా అమ్మ గది దగ్గర కూడా తలుపు తట్టి ఆగేవారు, కుర్చీ మీద చెయ్యి వేసేవారు.

శనివారం మధ్యాహ్నం సమాధి కార్యక్రమం అయింది. తర్వాత చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. కమిషనర్ వచ్చాడు. "మీ అమ్మ తింటోందా?" అని అడిగాడు. తింటోందని చెప్పాను. ఆయా డ్యూటీ బట్టల్లో వచ్చి వెనక వరసలో కూర్చుంది.

ప్రార్థన అవగానే కమిషనర్ వెళ్ళాడు. పాస్టరుగారు, నర్సమ్మగారి కొడుకు నాలుగింటికి వెళ్ళారు. ఆయా నాలుగున్నరకి వెళ్ళింది, మా అమ్మకి భోజనం వేళవుతోందని.