బెల్టుకి నూనె రాసిన సైన్సు మాస్టారు

మొన్న ఆదివారం మా వీధి చివరి పిండిమరలో నాకు జరిగిన సన్మానం గురించి మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. తిరువూరు మరీ అంత పెద్ద ఊరేం కాదు కదా. అయినా నా నోటితో వినండి. వేరేవాళ్లు చెబితే ఉప్పూ కారం ఎక్కువేస్తారు, నేనైతే నా పరువుకి సరిపడా వేసుకుంటాను.

నేను గంపలగూడెం వైపు ఒక హైస్కూల్లో సైన్సు చెబుతానని మీకు తెలుసు. పద్నాలుగేళ్ల సర్వీసు. ఎనిమిదో తరగతిలో ఘర్షణ పాఠం ఉంటుంది చూడండీ, అది నా ఫేవరెట్! పిల్లల చేత అరచేతులు రుద్దించి వేడి చూపిస్తాను. బల్లని ఒకసారి ఉత్తగా, ఇంకోసారి కింద పెన్సిళ్లు వేసి నెట్టిస్తాను. ఆఖరి అంశం మా క్లాసు తలుపు. ఏడాదంతా కిర్రుమని ఏడుస్తుంది. నేను ఆ రోజు ఇంటి నుంచి కుట్టుమిషను నూనె సీసా పట్టుకెళ్లి, బందుల్లో నాలుగు చుక్కలేసి, రెండుసార్లు ఆడిస్తాను. తలుపు నోరు మూసుకుంటుంది. పిల్లలు చప్పట్లు. అప్పుడు బోర్డు మీద 'ఘర్షణ అవసరమైన చెడు' అని రాసి కింద గీత గీస్తాను. చెడు సంగతి అప్పటికే చెప్పేసి ఉంటాను. అవసరం సంగతి మొదలుపెట్టేసరికి బెల్లు కొడతారు. పద్నాలుగేళ్లుగా అదే వరస.

ఇక ఆదివారం కథ. మా ఆవిడ సరళ రెడ్డిగూడెం తోట నుంచి యాభై పచ్చడి మామిడికాయలు తెప్పించింది. కత్తి కింద పెట్టి కొట్టడం, జీడి తీయడం, పొర గీకడం, ఒక్కో ముక్కనీ గుడ్డతో తుడవడం అంతా ఉదయం ఎనిమిదిన్నరకల్లా అయిపోయింది. ముక్కలు హాల్లో పాత చీర మీద ఫ్యాను కింద ఆరుతున్నాయి. ఆవపిండి రెడీ, ఉప్పు రెడీ, నువ్వుల నూనె రెడీ. లేనిది కారం ఒక్కటే. అది నా డ్యూటీ. శనివారమే పట్టించుకురమ్మంది, రేపు చూద్దాంలే అన్నది నేను.

"పన్నెండులోపు కారం నా చేతిలో ఉండాలండీ. దాటిందంటే ముక్క నీరొదిలి మెత్తబడిపోతుంది. ఏడాది పచ్చడి ఇది" అని మరీ మరీ చెప్పి పంపింది. మా ఇంట్లో ఆవకాయ పాడవడమంటే ఏంటో మీకు తెలీదు. నాలుగేళ్ల కిందట ఒకసారి బూజు పట్టింది. ఆ సంగతి ఇప్పటికీ వారానికోసారి భోజనాల దగ్గర వస్తుంది.

మూడు కిలోల ఎండుమిర్చి డబ్బా బండి మీద పెట్టుకుని తొమ్మిదింటికి మర దగ్గరికెళ్లాను. ఆ మర రత్తమ్మగారిది. అరవై దాటిన మనిషి. వాళ్లాయన పోయాక ఇరవై ఏళ్లుగా ఒక్కతే నడుపుతోంది. పచ్చళ్ల సీజను కదా, అప్పటికే ఏడెనిమిది మంది ఆడవాళ్లు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. దాదాపు అందరూ మా బళ్లో చదివే పిల్లల తల్లులే. మాస్టారుగారు వచ్చారంటూ నన్ను ముందుకి పంపించారు. వద్దనాలి. అనలేదు.

రత్తమ్మగారు నా డబ్బా మూత తీసింది. చెయ్యి కూడా పెట్టలేదు, డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపింది. "గింజ గలగలమనట్లేదు మాస్టారూ, ఇంకా చెమ్మ ఉంది. ఒక గంట ఎండలో పోసి తీసుకురండి, మర మీద బరువు పడుద్ది" అంది. చెవితో చెమ్మ కొలిచే మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. ఆశ్చర్యపోవాల్సింది పోయి, గంట ఎక్కడుందండీ, ముక్కలు ఆరిపోతున్నాయి, వేసేయండి అని తొందరపెట్టాను. ఆవిడ మరలో పోసింది.

పావుగంట బాగానే నడిచింది. సగం కాయలు దిగాయో లేదో, మోటారు చక్రం నుంచి మర చక్రానికి ఉన్న పొడుగాటి బెల్టు కీచుమని అరవడం మొదలెట్టింది. నాలుగు వేళ్ల వెడల్పు పాత బెల్టు. ఆ అరుపుకి చెవులు చిల్లులు పడుతున్నాయి. రత్తమ్మగారు మోటారు ఆపేసి, బెల్టు మీద మునివేళ్లు ఆనించి చూసింది. ఇంట్లోంచి ఒక డబ్బా తెస్తాను, ఈలోపు ఎవరూ దీన్ని ముట్టుకోవద్దని చెప్పి వెనక గుమ్మంలోంచి లోపలికెళ్లింది.

ఎవరూ అంటే అందులో సైన్సు మాస్టారు కూడా వస్తాడని నాకు తట్టలేదు.

ఏం చేస్తాం, వినాశకాలే విపరీతబుద్ధి. ఎదురుగా ఎనిమిదిమంది తల్లులు. పక్కన గోడకి మేకు, మేకుకి నూనె డబ్బా. నా కంటికి అది మర కాదు, మా ఎనిమిదో తరగతి తలుపు! లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను. ఈ కీచుమనడం ఏంటో తెలుసా అమ్మా, ఘర్షణ, రెండు తలాలు ఒకదాన్నొకటి రుద్దుకుంటే శక్తి వృథా అయి ఇలా శబ్దంగా వస్తుంది అంటూ పాఠం అందుకున్నాను. వాళ్లు కొంగుల వెనక నుంచి తలూపారు. తలూపితే నాకు ఇంకా ఊపొస్తుంది. డబ్బా తీశాను. చక్రాన్ని చేత్తో తిప్పుతూ బెల్టు లోపలి వైపు మొత్తం, ఎక్కడా వదలకుండా, తలంటు పోసినట్టు నూనె పట్టించాను. పనిలో పనిగా చక్రాలకి కూడా రాశాను.

రత్తమ్మగారు చేతిలో చిన్న రేకు డబ్బాతో తిరిగొచ్చేసరికి నేను చేతులు తుడుచుకుంటున్నాను. స్విచ్చి వేసి చూడండి రత్తమ్మగారూ, చప్పుడే ఉండదు అన్నాను. ఆవిడ నా చేతుల వంక చూసింది, బెల్టు వంక చూసింది, స్విచ్చి వేసింది.

నిజంగానే చప్పుడు లేదండీ. మోటారు చక్రం ఝామ్మని తిరుగుతోంది. బెల్టు దాని మీద జారిపోతూ ఉన్నచోటే చిన్నగా వణుకుతోంది. మర చక్రం మాత్రం కదల్లేదు. కీచుమనడం పోయింది, దాంతో పాటే మర తిరగడమూ పోయింది.

ఆ నిశ్శబ్దంలో ఎవరో తుమ్మారు. సిగ్గు ఒక పక్క, సిగ్గుని మించి హాల్లో పాత చీర మీద ఆరుతున్న ముక్కలు ఒక పక్క. కాయలు సగం మరలో ఉన్నాయి, తీసుకుని ఇంకో మరకి పరిగెత్తేందుకు కూడా లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సరళ. మర ఆగింది అన్నాను. కరెంటు పోయిందా అంది. లేదు, చిన్న టెక్నికల్ ప్రాబ్లం అన్నాను. మీరేమన్నా ముట్టుకున్నారా అంది. చూశారా, పెళ్లయి పద్దెనిమిదేళ్లయితే అంతే. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాను.

తిట్టాలా వద్దా చెప్పండి? నేనైతే మా బళ్లో ఎవడైనా ఇలాంటి పని చేస్తే గంట నిలబెడతాను. రత్తమ్మగారు మాత్రం బోల్టు వదులు చేసి బెల్టు ఊడదీసి నా ఒళ్లో పడేసింది. పొయ్యిలో బూడిద చేటతో తెచ్చి ముందు పోసింది. గోనెపట్టాతో తుడవండి, బూడిద చల్లండి, మళ్లీ తుడవండి, నల్లగా రావడం మానేదాకా ఆపకండి అంది.

"బూడిద దేనికండీ?" అన్నాను.

"మీ ఇంట్లో కొర్రమీను తోమేటప్పుడు చేతికి బూడిద రాసుకోరా మాస్టారూ? జారేదాన్ని పట్టుకోవాలంటే మరి అదే కదా" అంది.

కొర్రమీను మా ఇంట్లో ఏళ్ల తరబడి తోముతున్నారు. నేను ఏటా చెప్పే పాఠం మా పెరటి తొట్టి దగ్గర జరుగుతోందని ఒక్కనాడూ చూడలేదు.

కూర్చుని తుడిచాను. చొక్కా నల్లబడింది, మొహం తుడుచుకుంటే మొహమూ నల్లబడింది. కారపు చేతులు కావడంతో కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి జాలేసిందేమో, ఇద్దరు తల్లులు కొంగు బిగించి ఇంకో చివర పట్టుకున్నారు. అందులో పద్మ అని, మా బళ్లో ఎనిమిది పాసైన అమ్మాయి తల్లి. తుడుస్తూ తుడుస్తూ నెమ్మదిగా ఒక మాట అంది. వాళ్ల అమ్మాయి పరీక్షలో ఘర్షణ వల్ల ఉపయోగాలు రాయమంటే 'రత్తమ్మ మామ్మ మర బెల్టు' అని రాసిందట, అది పుస్తకంలో లేదని నేను అర మార్కు కొట్టేశానట. కొట్టేశాను. నాకు గుర్తుంది. ఎర్ర పెన్నుతో పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టాను.

ఇప్పుడైతే నా ముందు వంద ప్రశ్నార్థకాలు. ఆపుకోలేక రత్తమ్మగారినే అడిగాను. మరి ఆ నూనె డబ్బా గోడకెందుకు పెట్టారండీ అని.

"అది బేరింగుకి మాస్టారూ. ఇరుసుకి జారుడు కావాలి, బెల్టుకి పట్టు కావాలి. ఒకదాని తిండి ఇంకోదానికి పెడితే అరగదు" అంది, మర చక్రం తుడుచుకుంటూ.

పద్నాలుగేళ్లు నేను గీత గీసి వదిలేసిన వాక్యం అండి అది! ఆవిడ చదివింది ఐదో తరగతి. రెండు ముక్కల్లో తేల్చేసింది. నిజం చెబుతున్నాను, లేచి దణ్ణం పెడదామనిపించింది. చేతులు నల్లగా ఉండి ఆగాను.

బెల్టు మళ్లీ ఎక్కించి బిగించింది. అరచేతిని దాని మీద ఒత్తి లాగి చూసింది. చెయ్యి జారకుండా గరగరమంటూ ఆగింది. అప్పుడు ఆ రేకు డబ్బా తెరిచింది. లోపల గుగ్గిలం పొడి. ఇందాక అది తేవడానికే కదా ఆవిడ లోపలికెళ్లింది! బెల్టు కీచుమన్నది పట్టు ఎక్కువై కాదు, పట్టు చాలక. నా చెమ్మ మిరపకాయల బరువుకి బెల్టు జారుతోంది. ఆవిడ పట్టు పెంచడానికి మందు తేబోతే, నేను ఉన్న కాస్త పట్టూ ఊడగొట్టాను.

బెల్టుకి, చక్రాలకి గుగ్గిలం చిటికెడు చిటికెడు చల్లి, మమ్మల్ని దూరం జరగమని స్విచ్చి వేసింది. బెల్టు ఒక్క క్షణం జారింది. నా గుండె కూడా. తర్వాత పట్టుకుంది. మర చక్రం ముక్కుతూ మూలుగుతూ కదిలి, ఊపందుకుని, ఘాటు గుప్పుమంది. అందరం కలిసి తుమ్మాం. అంత హాయైన తుమ్ము నా జన్మలో తుమ్మలేదు. టైము పదకొండుంపావు.

నా వల్లే ఆలస్యమైంది కదా, ముందు మిగతావాళ్లవి పట్టండి, నాది ఆఖర్న పట్టండి అన్నాను. పెద్దమనిషి తరహాగా అన్నాను గానీ లోపల ప్రాణం గిలగిల్లాడుతోంది. రత్తమ్మగారు నా వంక చూసి నవ్వింది.

"తప్పు మీది గానీ ముక్కలది కాదు కదా మాస్టారూ. సరళమ్మ ఎదురు చూస్తా ఉంటుంది" అని నా కాయలే పూర్తిచేసింది. తల్లులెవరూ కాదనలేదు. కారం డబ్బాలోకి ఎత్తి, వేడి మీద మూత పెట్టొద్దు, వెళ్లగానే పేపరు మీద పలచగా పోసి చల్లారనివ్వండి, లేకపోతే రంగు పోద్ది అని జాగ్రత్త చెప్పింది. డబ్బా ముట్టుకుంటే కాలుతోంది. ఈ వేడి ఎక్కడిదో పాఠం చెప్పమని ఎవరూ నన్ను అడగలేదు, నేనూ మొదలుపెట్టలేదు.

పన్నెండుకి పదిహేను నిమిషాలుందనగా ఇంట్లో అడుగుపెట్టాను. సరళ నా మొహం చూసి, ఎవరండీ అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేసింది. ముందు కారం తీసుకో, కథ తర్వాత అన్నాను. పేపరు మీద పోసి ఫ్యాను పెట్టాం. ఒక ముక్క తుంచి చూసింది. టపీమని విరిగింది. బతికిపోయాను! పచ్చడి కలుపుతున్నంతసేపూ జరిగిందంతా చెప్పాను. నన్ను తిట్టే ఓపిక లేక, నవ్వి నవ్వి, కారపు చెయ్యి కంటికి తగిలి తనూ ఏడ్చింది.

మూడోనాడు పచ్చడి తిరగగలిపాం. రంగు, ఘాటు, ముక్క గట్టితనం చూడాలి, అబ్బో! చిన్న జాడీకి ఎత్తి, ఇది మీ గురువుగారికి ఇచ్చి రండి అంది సరళ. వెళ్లాను. మరలో అదే గుంపు, అవే కొంగులు. లోపలికి అడుగుపెట్టగానే ఒకావిడ లేచి వెళ్లి గోడకున్న నూనె డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది.

రత్తమ్మగారు జాడీ అందుకుని ముక్క నోట్లో వేసుకుంది. బాగుందని కళ్లతోనే చెప్పింది. అప్పుడు అసలు సంగతి అడిగాను. బళ్లు తెరిచాక ఘర్షణ పాఠం రోజున ఒక గంట మా బడికి రండి, పాత బెల్టు ముక్కా గుగ్గిలం డబ్బా తెచ్చుకుని, ఇరుసు సంగతీ బెల్టు సంగతీ మీ మాటల్లోనే పిల్లలకి చెప్పండి, నాకంటే మీరే బాగా చెబుతారు అన్నాను. ముఖస్తుతి కాదు, మనసులోంచి వచ్చిన మాట.

ఆవిడ బేరింగుకి నాలుగు చుక్కలేసి, చెయ్యి తుడుచుకుని, ఇటు తిరిగింది.

"వస్తాను మాస్టారూ. కానీ నేను చెబుతున్నంతసేపూ మీరు ఆఖరి బెంచీలో కూర్చోవాలి. చేతులు రెండూ బల్ల మీద, నాకు కనపడేటట్టు పెట్టుకుని."

తల్లులందరి ఎదుటా ఒప్పుకుని వచ్చాను.