పట్టుదారం అంచు బిళ్ళలు

మా లెక్కల సారు ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్లు తీయించి క్లాసులో తలా ఒక కాగితం పంచాడు. కాగితం నిండా చిన్నా పెద్దా గుండ్రాలు. వాటిని కత్తిరించి, అట్టకు అంటించి, నడుమ చిల్లి పెట్టి ఒక పుల్లకు గోపురంలా గుచ్చాలి. మూడు పుల్లలుంటాయి. గోపురాన్ని ఇంకో పుల్లకు మార్చాలి. ఒకసారికి ఒక బిళ్ళే కదపాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. ఎవరిది బాగుంటే వాళ్ళను హిందూపురం సైన్సు ఎగ్జిబిషన్‌కు తీసుకుపోతానన్నాడు సారు. ధర్మవరంలో రైలెక్కడమే ఎరగని నేను అప్పటికి దారిలోని పెనుకొండ కూడా చూడలేదు.

అందరూ నోటుబుక్కుల అట్టలు చించి చేశారు. అవి అప్పడాల్లా వంగిపోయాయి. మాది మగ్గం ఇల్లు. చీర డిజైన్ మారినప్పుడు మగ్గం మీంచి తీసి పడేసిన చిల్లుల అట్టలు అటక మీద బోలెడు. వాటికి మైదా జిగురుతో కాగితం అంటించి, ఒక్కో బిళ్ళ అంచుకు ఒక్కో రంగు పట్టుదారం చుట్టాను. పుల్లల బదులు దారం చుట్టే ఖాళీ కండెలు నిలబెట్టాను. నన్ను మించినవాళ్ళు లేరని ఒకటే మిడిసిపాటు.

సోమవారం సారుకు చూపించాలి. ఆదివారం కుళాయి నీళ్ళు పట్టుకొచ్చేసరికి గూట్లో బిళ్ళలు లేవు.

"షావుకారు వచ్చినాడమ్మా. వాళ్ళ పాపకు కావాలంటే ఇచ్చినా," అన్నాడు నాయన, తెగిన పోగు అతుకుతూ. మాకు పట్టు ఇచ్చి చీరలు నేయించుకునేది ఆ షావుకారే. ఆయన కూతురు నా క్లాసే.

"అది నాది గదా నాయనా!"

"కాగితాలే గదమ్మా, ఇంగోటి చేసుకో. ఆయప్ప అడిగితే ల్యాదని యాడ చెప్పేది?"

సారు ఇచ్చిన కాగితం ఒక్కటే, మళ్ళీ చేయడానికి పొద్దూ లేదు. మరునాడు ఆ పిల్ల నా బిళ్ళలు సారు ముందు పేరుస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. షావుకారుకు కోపమొస్తే మా మగ్గం ఆగిపోతుందని నాకూ తెలుసు. సారు ఆ పిల్లనే హిందూపురం తీసుకుపోయాడు. పాపం, నాయన మాత్రం ఏం చేస్తాడులే అని సర్దుకున్నాను.

ఎగ్జిబిషన్ అయ్యాక ఆ పిల్ల బిళ్ళలు కవర్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మంచి పిల్లే, దాని తప్పేం లేదు.

"మీ నాయన శానా బాగా చేసినాడు. రాత్రంతా కూచోని నాకోసమే చేసినాడంట గదా, మా నాయనతో చెప్పినాడు. నీకూ ఒకటి చేసియ్యమనగూడదా?" అంది.

మగ్గం చప్పుడు ఆగింది. నాయన తల ఎత్తలేదు. బిళ్ళలు ఇచ్చేసినందుకు ఆయనను ఏనాడో క్షమించాను. షావుకారుతో చెప్పిన ఆ మాటకు మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.