ఈల వినపడని ఆట

మొన్న తిరుపతిలో టీవీల దుకాణానికి వెళ్ళినప్పుడు, గోడ నిండా పేర్చిన టీవీలన్నిటిలోనూ ఒక్కసారిగా నేను మరిచిపోలేని ఒక సముద్రం సినిమాకు మూడో భాగం ట్రైలర్ మొదలైంది. గాజులాంటి సముద్రం, దాని అడుగున వెలుగుతున్న ఊరు. ఆ నీలి వెలుతురు దుకాణంలో ఉన్నవాళ్ళందరి ముఖాల మీదా పడింది. మాటలు ఆగిపోయాయి. పక్కనున్న ముక్కూ మొహం తెలియని అబ్బాయి భుజం తట్టి, "ఏమప్పా, బాగుండావా?" అని అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు. అలా అడగడం నాకు అలవాటు చేసిన మనిషి ఏకాంబరం గారు.

చిత్తూరులో ఇప్పుడు మూతపడిన ఒక సినిమా హాలుకు ఆయన మేనేజరు. డిగ్రీ అయ్యాక, టీచరు ఉద్యోగం వచ్చేదాకా నేను ఆ హాల్లో టికెట్లు ఇచ్చేదాన్ని. కొత్త సినిమా విడుదలైన రోజు ఆయన లోపలికి వెళ్ళి, తెర పక్కనున్న తలుపు దగ్గర, తెరకు వీపు పెట్టి నిలబడేవారు. ఒకసారి నన్నూ పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. ఏదో హాస్య సన్నివేశం నడుస్తోంది. హాలంతా పడీపడీ నవ్వుతోంది.

"ముందు వరసలో ఆ పెద్దామెను సూడు సుగుణా," అన్నారు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఇంటర్వెల్లో ఆయన చెప్పినట్టే టీ తీసుకెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. భర్తను పెద్దాసుపత్రిలో చేర్చారట. అక్కడ ఏడిస్తే ఆయన కంట పడుతుందని, ఏడవడానికి ఇక్కడికి వచ్చిందట. ఆ సంగతి చెబితే ఏకాంబరం గారు ఆశ్చర్యపోలేదు. "బొమ్మను అందరూ సూస్తారమ్మా. సూసేవాళ్ళను సూసేదానికి ఒకరుండాల," అన్నారు.

ఆ సముద్రం సినిమా మొదటి భాగం వచ్చినప్పుడు అభిమానులు హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారని చెప్పుకునేవారు. రెండో భాగం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. విడుదల రోజు పొద్దున ఆటకే పూతలపట్టు వైపు నుంచి బైకుల మీద గుంపులు దిగాయి. వాళ్ళ నాయకుడు మునిరత్నం తప్పెట్లతో వచ్చి తెర ముందు పళ్ళెం నిండా కర్పూరం వెలిగించాడు. ఆట మొదలయ్యే వేళకు కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. టికెట్లు దొరకనివాళ్ళను సముదాయిస్తూ ఏకాంబరం గారు గేటు దగ్గరే ఉండిపోయారు. నేను కౌంటరు మూసి హాల్లో వెనక నిలబడ్డాను.

మొదట ఈలలతో ఒక్క మాటా వినపడలేదు. తర్వాత ఆ నీటి లోకం తెరుచుకుంది. అంత అందమైన బొమ్మ నేనెప్పుడూ చూడలేదు. ఈలలు తగ్గాయి, ఆగిపోయాయి. ఇంటర్వెల్లో దీపాలు వేసినా ఎవరూ లేవలేదు. తల దిమ్ముగా అనిపించి నేను బయటికి వచ్చాను. సినిమా పంపిణీ చేసినాయన మనిషి ఫోన్లో జనాన్ని వీడియో తీసుకుంటూ మురిసిపోతున్నాడు. "సూడండి సార్, ఊపిరి కూడా తీయకుండా కూసోనుండారు!"

ఏకాంబరం గారు క్యాంటీన్ వైపు చూశారు. సమోసాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నన్ను వెంటబెట్టుకుని పక్క తలుపు గుండా లోపలికి వెళ్ళి, తన చోట నిలబడ్డారు. తెర మీద హీరో మళ్ళీ బతికి వస్తున్నాడు. ఆ సంగీతానికి కుర్చీలు విరగాలి. హాల్లో చిన్న చప్పుడు కూడా లేదు. వరస వెంబడి వరస, నీలి ముఖాలు, తెరిచిన కళ్ళు. తల్లి ఒళ్ళో చంటిబిడ్డ కూడా అలాగే.

"యాడన్నా ఒక్క ఈల ఇనిపిస్తా ఉండాదా?" అన్నారు. ముందుకు వెళ్ళి మునిరత్నం ముఖం ముందు చెయ్యి ఆడించారు. మునిరత్నం రెప్ప వేయలేదు.

"బొమ్మ ఆపండ్రా!" అని పైన ప్రొజెక్టర్ గది వైపు చూసి అరిచారు.

సినిమా ఆగింది. తెర తెల్లగా మిగిలింది. మా ఊళ్ళో, అభిమానుల ఆటలో, సగంలో బొమ్మ ఆగితే ఒక్కరూ అరవలేదు. నా జీవితంలో అంత భయం ఎన్నడూ పడలేదు. అందరూ ఆ తెల్ల తెరనే చూస్తూ కూర్చున్నారు.

తలుపులన్నీ తెరిపించారు. గేటు దగ్గరివాళ్ళను పిలిచి, చేతికందినవాళ్ళను అందినట్టు బయటికి మోయించారు. నేను చంటిబిడ్డను ఎత్తుకుని పరుగెత్తాను. ఎండలోకి రాగానే అది గుక్కపట్టి ఏడ్చింది. వెనక గోడ దగ్గర జనరేటర్ పొగగొట్టం విరిగి, ఆ పొగను ఏసీ లోపలికి లాగుతోందని తర్వాత తెలిసింది. కర్పూరం వాసనలో డీజిల్ వాసన ఎవరికీ అందలేదు. కొందరు ఆసుపత్రికి వెళ్ళారు కానీ ప్రాణాలన్నీ దక్కాయి.

ముందుగా తేరుకున్నది మునిరత్నం. కక్కుకుని, నోరు తుడుచుకుని, "బొమ్మ ఎందుకాపినావయ్యా?" అంటూ మేనేజరు చొక్కా పట్టుకున్నాడు. ఏకాంబరం గారి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "తిట్టప్పా, ఇంకా గట్టిగా తిట్టు," అన్నారు.

మర్నాటికి ఊరంతా ఒక సన్నివేశం గురించే మాట. తడి జుట్టుతో ఒక పాప నీళ్ళ మీద నడిచి తెర అంచుదాకా వచ్చి, మనల్ని ఒక్కొక్కరినే చూస్తుందని. మునిరత్నం చెప్పాడు, బిడ్డ తల్లి చెప్పింది. నాకూ బాగా గుర్తు. హాలు బాగుచేసి మళ్ళీ ఆడించినప్పుడు అందరం ఆ పాప కోసమే వెళ్ళాం. సినిమాలో అలాంటి సన్నివేశం లేదు.

పొగ తలకెక్కి ఏదో కనిపించి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అందరికీ ఒకే పాప ఎలా కనిపించిందో మాత్రం తెలియలేదు. ఏకాంబరం గారిని అడిగాను.

"నేనూ సూసినానమ్మా."

"మీరు తెర వైపు తిరగలేదు కదా సార్!"

"తెర మీద కాదు. మీ అందరి కండ్లల్లో."

ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకు ఆయన పోయారు. చంద్రగిరిలో నేను పాఠం చెప్పేటప్పుడు తరగతి చడీచప్పుడు లేకుండా ఉంటుందని మా హెడ్మాస్టరు మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే నాకు ఆనాటి హాలు గుర్తొస్తుంది. పోయిన నెల ఒకరోజు పిల్లలంతా కదలకుండా నా వైపే చూస్తున్నారు. సుద్దముక్క కింద పెట్టి, కిటికీలు తెరిచి, చివరి వరసదాకా నడిచాను. "ఏమ్మా, ఏమైంది?" అని ఒక పిల్ల చెంప మీద చెయ్యి వేశాను.

"ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు మేడమ్," అంది ఆ పిల్ల.

తరగతి గొల్లున నవ్వింది. ఆ అల్లరి తగ్గేదాకా నేను అక్కడే నిలబడి, ఒక్కొక్క ముఖమే చూశాను.