కొసరుకు పెట్టిన దొంగ పేరు

మొన్న మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, కెనడాలో మా కాల్గరీ ఊరి సిటీ రైలు సీట్రైన్‌లో నా పక్కన కూర్చున్న చైనా పెద్దావిడ ఎవర్నో చూసి, స్నేహితురాలితో "సామ్ జెక్ సౌ" అని చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది. హాంకాంగ్ వైపు మాట్లాడే కాంటనీస్ భాషలో ఆ మాటకు మూడు చేతులని అర్థం; జేబుదొంగను అలా అంటారు. నేనా మాట విని పందొమ్మిదేళ్ళయింది.

ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఒక హాంకాంగ్ ఆవిడ కూరగాయల కొట్లో క్యాషియర్‌గా చేరాను. అక్కడ పలకరింపుల కంటే ముందు నేర్చుకున్నవి చిల్లర దొంగల పేర్లే. ఎవరి మీదైనా అనుమానం వస్తే పైకి అరవకుండా ఆ మాటను ఒక కౌంటర్ నుంచి ఇంకో కౌంటర్‌కు అందించేవాళ్ళం, యజమానురాలు వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడేది. చైనా మనిషిని కాకపోయినా ఆ గుట్టు మాటలు నాకూ వచ్చినందుకు ఎంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

చేరిన ఐదో వారం, శనివారం మధ్యాహ్నం మూడుంబావుకు మా ఆడపడుచు కొట్టుకొచ్చింది. తల్లి పోయాక మా ఆయన్ని పెంచింది ఆవిడే, ఇక్కడ మమ్మల్ని తన ఇంట్లో పెట్టుకున్నదీ ఆవిడే. నా దగ్గర బెండకాయలకు డబ్బు కట్టేసి, గుంటూరు మార్కెట్లో చేసినట్టే పక్క పెట్టెలోంచి నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు రెమ్మలు కొత్తిమీర తీసి సంచిలో వేసుకుని, "కొసరే అమ్మాయీ, అలా గుడ్లప్పగించి చూస్తావేం?" అని నవ్వింది. అప్పటికే పక్క కౌంటర్లోంచి ఆ మూడు చేతుల మాట వచ్చేసింది.

యజమానురాలు అందరి ముందూ సంచీ బల్ల మీద బోర్లించి, ఈవిడ నీకు తెలుసా అని నన్నడిగింది. కొసరంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ మా ఆయనకింకా ఉద్యోగం లేదు, నా ప్రొబేషన్ ముగియడానికి ఇంకో వారం ఉంది.

"నో" అన్నాను.

వదినకు కాంటనీస్ రాదు గాని ఇంగ్లీషు వచ్చు. బెండకాయలు కూడా అక్కడే వదిలేసి, "నీ ఉద్యోగం చల్లగా ఉండాలే" అని వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకు మేం వేరు కాపురం పెట్టాం. ఆవిడ మా గడప తొక్కలేదు. ఎందుకని మా ఆయన అడిగితే ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఇప్పుడు కొట్లలో మనమే స్కాన్ చేసుకుని మనమే సంచిలో వేసుకుంటున్నాం, పైనుంచి కెమెరా చూస్తుంటుంది. కొసరు అడుగుదామన్నా ఎదురుగా మనిషి లేడు, అడిగే తరమూ పోతోంది. వదిన పోయి మొన్న ఫిబ్రవరికి ఎనిమిదేళ్ళు.

ఆ ఉద్యోగం ఏడు నెలలుంది, తర్వాత కొట్టే మూసేశారు. ఆ శనివారం తర్వాత వదిన పదకొండేళ్ళు ఇదే ఊళ్ళో ఉంది, నాకు మాత్రం లేకుండా పోయింది.