ఎవరూ ఎక్కని కారు

మా పక్కింటి అక్క మొన్న పొద్దున ఆసుపత్రిలో పోయింది. ఫోన్ చేసి ఆ కబురు చెప్పిన మా గల్లీ పెద్దమనిషి, ఆ వెంటనే "పోనీ తియ్యి బిడ్డా, పాపం ఆమెకు ముక్తి దొరికింది" అన్నాడు. ఏడుపు కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు. దేని నుంచి ముక్తి? చక్రాల కుర్చీ నుంచా? ఆ కుర్చీతో అక్కకు ఏ పేచీ లేదు. ఉన్న పేచీ అంతా మా గల్లీతోనే.

చిన్నప్పుడే అక్కకు రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. బోధన్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం చేసేది. నిజామాబాద్ నుంచి రోజూ తన కారు తానే నడుపుకుంటూ పోయి వచ్చేది. గేర్లు లేని కారు. స్టీరింగ్ పక్కన బిగించిన కడ్డీని నొక్కితే బ్రేకు పడుతుంది, లాగితే వేగం పెరుగుతుంది. మామూలు డ్రైవర్ల కోసం కింద పెడళ్లు కూడా ఉండేవి. చెరుకు నరికే రోజుల్లో బోధన్ రోడ్డు ఎట్లా ఉంటుందో మనకు తెలియంది కాదు. వెనక లైటు ఉండని ట్రాక్టర్లు, సగం రోడ్డు మీదికి వాలిన చెరుకు లోడ్లు. వాటి మధ్య నుంచే ఆమె ఏళ్ల తరబడి నడిపింది, కారుకు ఒక్క గీత పడనివ్వలేదు. అయినా పెట్రోల్ బంకులో కిటికీలోంచి తొంగిచూసి "డ్రైవర్ ఏడమ్మా?" అని అడిగేవాళ్లు.

"నీ ముంగటనే ఉన్న గద. ట్యాంక్ ఫుల్ చెయ్యి" అనేది అక్క.

ఒకసారి కాలనీవాళ్లు ఆమెకు సన్మానం చేశారు. ఆదర్శం అన్నారు, ధైర్యానికి మారుపేరు అన్నారు, శాలువా కప్పారు. మీటింగ్ అయ్యేసరికి వాన పట్టుకుంది. "రండ్రి, దింపుతా" అని అక్క పిలిస్తే, మెచ్చుకున్న వాళ్లంతా చూరు కింద నిలబడి ఆటో కోసం చూశారు. తడిసైనా పోతారు గాని ఆమె కారెక్కరు.

బోధన్ దగ్గరి రెంజల్‌లో మా గల్లీ పిల్ల పెళ్లి అయినప్పుడు కూడా అంతే. అక్క కారు కడిగి, పొద్దున్నే గేటు ముందు నిలిపింది. పెళ్లిపిల్ల తల్లి వచ్చి, "నీకెందుకమ్మా తకలీఫ్? ఆరాంగ ఇంట్ల ఉండరాదు" అంది.

"తకలీఫ్ ఏంది వదినా? బోధన్ దాక నేను రోజు పోయే తొవ్వనే గది."

వదిన విననట్టే పోయి ఆటోలో ఇరుక్కుంది. ఒకరి ఒడిలో ఒకరు కూర్చున్నారు, ఒక ముసలమ్మ కాలు బయటికి వేలాడుతోంది. ఆటోవాడు ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ ఇంకో చేత్తో నడుపుతున్నాడు. వాడి మీద అందరికీ నమ్మకం! నేను అక్క పక్కన కూర్చున్నాను. వెనక సీటు ఖాళీ. చాలా దూరం దాకా ఆమె మాటిమాటికీ అద్దంలో ఆ సీటు వంకే చూసింది.

"నన్ను ఎవ్వలు మెచ్చుకోవద్దు. నా కార్ల కూసోమను. గంతే అడుగుతున్న" అంది చివరికి. ఆ తర్వాత నా వైపు చూసి, "నువ్వు కారు నేర్సుకుంటవా?" అని అడిగింది.

మాక్లూర్ వైపు రోడ్ల మీద నేర్పింది. హ్యాండ్ బ్రేకు మీద ఒక చెయ్యి వేసి, ఇంకో చేత్తో వేయించిన పల్లీలు తింటూ, నన్ను తిట్టని రోజు లేదు. "భయమైతే ఆపు. ఎవలన్న నవ్వుతరని మాత్రం ఆపకు" అనేది. మొదట్లో మా ఆయన "ఆమె నేర్పుడేంది, నువ్వు నేర్సుకునుడేంది?" అని పడీపడీ నవ్వాడు. ఇప్పుడు ఊరికి పోవాలంటే తాళాలు నాకే ఇస్తాడు. నేర్పిన మనిషికి మాత్రం ఒక్కసారి కూడా మంచిమాట చెప్పలేదు.

నిన్న సమాధుల తోటకు పోవడానికి బండ్లు చాలలేదు. అక్క తమ్ముడు ఆమె కారు తాళాలు తెచ్చి, "ఎవలన్న నడుపుతరా?" అని అడిగాడు. నేను తీసుకున్నాను. తలుపులు తెరిచానో లేదో, ఎవరూ పిలవకుండానే ఎక్కి కూర్చున్నారు. ఆ పెళ్లిపిల్ల తల్లి, ముక్తి దొరికిందన్న ఆ పెద్దమనిషి. "జర జరుగుండ్రి, జాగ మస్తున్నది" అనుకుంటూ సర్దుకున్నారు. రెక్క పట్టి దించేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఆమె బతికి ఉండగా ఈ బుద్ధి ఏ గడ్డి మేయడానికి పోయింది?

సగం దూరం పోయాక పెద్దమనిషి వెనక నుంచి, "మంచిగ నడుపుతున్నవ్ బిడ్డా. ఎవలు నేర్పిండ్రు?" అన్నాడు.

"ముంగట పోతున్న వ్యాన్ల పండుకున్నది సూడు పెద్దనాయినా, గామెనే" అన్నాను.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వ్యాను అద్దంలోంచి శవపేటిక మీది చామంతి పూలు కనిపిస్తున్నాయి. చౌరస్తా దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చి వ్యాను టక్కున ఆగింది. నేనూ ఆపాను. మా కారులో ఎవరి ఒంటికీ చిన్న కుదుపు కూడా తగల్లేదు.